నిలవయున్న ద్రవము తానే ఎట్లు కాగెను?

కంచరపాలెమునుండి ఒక పాలిటెక్నిక్ విద్యార్థి ఇటీవల మాకొక జాబు వ్రాసెను. అందలి సారాంశమిది: “2020వ సంవత్సరము మే నెల 7వ తేదీ తెల్లవారకముందే అంబులెన్సుల చప్పుడునకు మా వీధివారందరు మేల్కొనిరి. అప్పటికి నేను ఆరవ తరగతి చదువుచుంటిని. వెంకటాపురములో విషవాయువు వెలువడినదని పెద్దలు చెప్పుకొనిరి. ఆ కార్ఖానా మూతపడి అప్పటికి నలుబది దినములు దాటినది. పొయ్యి లేదు, నిప్పు లేదు, యంత్రములు తిరుగుట లేదు. తొట్టిలో ఊరక నిలవయున్న ద్రవము తనంతట తానే ఎట్లు కాగినది? మా రసాయన శాస్త్ర పుస్తకములో ఎలక్ట్రానుల ప్రభావములనియు, స్థిరత్వమనియు ఒక పాఠము కలదు. పరీక్షకొరకు దానిని కంఠస్థము చేసితిని. దానికిని దీనికిని ఏమైన సంబంధము కలదా?”

ఈ జాబు చదివినప్పుడు మాకు సంతోషమును, కొంత సిగ్గును కలిగినవి. అడుగవలసిన ప్రశ్నను ఆ బాలుడు అడిగినాడు. ఇన్నాళ్ళుగా చెప్పవలసిన దానిని మేము చెప్పలేదు. సంబంధము నిశ్చయముగా కలదు. ఆ పాఠములోని మాటలు తెలిసినచో ఆ రాత్రి జరిగినదేమో తెలియును. ఆ రాత్రి జరిగినది తెలిసినచో ఆ పాఠము మరల మరచిపోవుట కష్టము. కావున ఈ ప్రసంగమును ఆ విద్యార్థికి సమాధానముగానే సిద్ధపరచితిమి. రసాయన శాస్త్రముతో పరిచయము లేని పాఠకులుకూడ మాతో రావచ్చును. దారిలో కావలసిన మాటలు దారిలోనే చెప్పెదము.

జరిగినది ఏమి?

కంచరపాలెమునుండి ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు మీదుగా పడమటికి పోయినచో కొద్ది కిలోమీటర్లలో గోపాలపట్టణము వచ్చును. దానిని ఆనుకొని ఆర్.ఆర్. వెంకటాపురము కలదు. అచ్చట 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ అను పేరుతో ఒక కార్ఖానా వెలసినది. 1997లో అది దక్షిణ కొరియా దేశపు ఎల్.జి. సంస్థ చేతికి వచ్చి ఎల్.జి. పాలిమర్స్ అయినది. స్టైరీన్ అను ద్రవమునుండి పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్కును తయారుచేయుట అచ్చటి ముఖ్యమైన పని.

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ విధింపబడగా కార్ఖానా పని ఆగిపోయెను. స్టైరీన్ మాత్రము పెద్ద తొట్లలో నిలవయుండెను. మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఎం-6 అను తొట్టినుండి స్టైరీన్ ఆవిరి పెద్దయెత్తున వెలువడెను. నిద్రలోనున్నవారు లేచి పరుగెత్తిరి. పరుగెత్తుచునే పలువురు రోడ్లమీద స్పృహ తప్పి పడిపోయిరి. పశువులును చచ్చినవి. పన్నెండుగురు ప్రాణములు కోల్పోయిరి. వందలకొలది జనులు కింగ్ జార్జి ఆసుపత్రి మొదలగుచోట్ల చికిత్స పొందిరి.

ఇంత కీడు కలిగించిన ఆ ద్రవము స్వభావమేమి? పూర్వకథతో ప్రారంభించెదము.

మందుల అంగడిలో మొదటి ఆనవాలు

ఆయుర్వేద వైద్యులు శిలారసమను ఒక జిగురును ఎరుగుదురు. పడమటి ఆసియాలో పెరుగు ఒక చెట్టు బెరడునుండి వచ్చునది. ఐరోపావారు దీనినే స్టోరాక్సు అందురు. 1839లో బెర్లిన్ నగరమున ఎడ్వర్డ్ సీమోన్ అను మందుల వర్తకుడు ఆ జిగురును బట్టీపట్టి, నూనెవంటి స్వచ్ఛమైన ద్రవమును రాబట్టి, దానికి స్టైరోల్ అని పేరుపెట్టెను. కొన్నాళ్ళకు చూడగా ఆ నూనె చిక్కబడి, జున్నువలె గట్టిపడియుండెను. గాలిలోని ఆమ్లజని సోకి మారినదని ఆయన తలచెను. 1845లో బ్లైత్, హాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞులు ఆమ్లజని సోకకుండ మూసి వేడిచేసినను అది గట్టిపడుననియు, గట్టిపడిన దాని బరువును పాళ్ళును మారలేదనియు నిరూపించిరి. ఏదియు వచ్చి చేరలేదు, ఏదియు పోలేదు, అయినను ద్రవము ఘనమైనది! ఈ చిక్కు విడిపోవుటకు చాలకాలము పట్టినది. చిన్న అణువులు ఒకదానిచేయి ఒకటి పట్టుకొని వేలకొలదిగా గొలుసు కట్టుటయే ఈ మార్పు అని 1920లో జర్మనీ దేశీయుడు హెర్మన్ స్టౌడింగర్ ప్రతిపాదించెను. మొదట పెక్కుమంది నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను.

పాఠకులు గమనింపవలసిన దేమనగా, సీమోన్ సీసాలోని ద్రవము నిప్పు లేకయే, ఎవరును కదలింపకయే తనంతట తాను మారినది. నూట ఎనుబది సంవత్సరముల తరువాత వెంకటాపురములో మొదలైన మార్పును అదియే. సీసాలో మెల్లగా సాగినది. తొట్టిలో ఉరవడిగా సాగినది. ఈ భేదమునకు కారణము తరువాత చెప్పెదము.

ఎలక్ట్రానుల పొత్తు

కర్బన పరమాణువు ఇరుగుపొరుగు పరమాణువులతో బంధములు కట్టుకొనును. ఒక్కొక్క బంధము రెండు ఎలక్ట్రానుల జత. ఇరువురు కలసి పెట్టిన ఉమ్మడి సొత్తువంటిది. ఉమ్మడి సొత్తు అన్నప్పుడు ఎవరి పలుకుబడి ఎంత అను ప్రశ్న వచ్చును గదా. అణువులోను ఇదియే ప్రశ్న.

మొదటిది ప్రేరేపక ప్రభావము. కొన్ని పరమాణువులకు ఎలక్ట్రానులను తమవైపు లాగుకొను గుణము హెచ్చు. మనము ఊరగాయలలోను, కూరలలోను వాడు వినిగరులో ఎసిటిక్ ఆమ్లము ఉన్నది. అందలి ఒక ఉదజనిని తీసివేసి క్లోరిన్ పరమాణువు నుంచినచో, అది ఎలక్ట్రానులను లాగుటచే ఆమ్లము సుమారు ఎనుబది రెట్లు తీవ్రమగును. మూడు క్లోరిన్లు చేరినచో తీవ్రత పదివేల రెట్లకు మించును. అయితే క్లోరిన్ రెండు మూడు కర్బనముల దూరమునకు జరిగినచో దాని ప్రభావము దాదాపు అణగిపోవును.

రెండవది అతిసంయుగ్మము. ఎలక్ట్రాను కొరతతోనున్న కర్బనమునకు ప్రక్కనున్న కర్బన-ఉదజని బంధములు తమ ఎలక్ట్రానులను కొంతగా ఒరగించి ఆసరా ఇచ్చును. ప్రక్క ఇండ్లవారు ఎంతమంది ఉన్న అంత సాయము.

మూడవది, మన కథకు ముఖ్యమైనది, అనునాదము. రేడియో ఉన్న ఇంటివారికి ఈ మాట క్రొత్త కాదు. మీటను త్రిప్పి స్టేషనును పట్టుట అనునాదము వలననే. ఆంగ్లములో రెండింటికి ఒక్కటే పేరు. కాని రసాయన శాస్త్రములో అర్థము వేరు. కొన్ని అణువులలో ఎలక్ట్రానులు రెండు పరమాణువుల నడుమనే కట్టుబడియుండక, అనేక పరమాణువులమీద పరచుకొని యుండును. కాగితముమీద వానిని ఒక్క బొమ్మతో చూపుట సాధ్యము కాదు. రెండుమూడు బొమ్మలు వేసి, నిజరూపము వీని నడుమ కలదని చెప్పవలెను. విద్యార్థులు సాధారణముగా ఇక్కడ పొరబడుదురు. అణువు ఒక క్షణము మొదటి బొమ్మవలెను, మరుక్షణము రెండవ బొమ్మవలెను మారుచుండునని వారి భ్రమ. సింహాచలముమీద వెలసిన స్వామిది వరాహ నారసింహ రూపము. ఆయన కొంతసేపు వరాహముగాను, కొంతసేపు నారసింహుడుగాను ఉండునని ఎవరు అందురు? రెండును కలసిన ఒక్కటే రూపము. అణువు సంగతియు అంతియే.

ఈ పరచుకొనుట వలన అణువునకు నిలుకడ కలుగును. బెంజీన్ అను ఆరు కర్బనముల వలయమును తీసికొందము. సాధారణమైన మూడు ద్విబంధములే దానిలో ఉన్నయెడల ఉదజనిని చేర్చినప్పుడు ఒక మోలునకు సుమారు 86 కిలోకేలరీల ఉష్ణము వెలువడవలెను. కొలిచి చూచినచో సుమారు 50 మాత్రమే వచ్చును. తక్కిన 36 కిలోకేలరీలు ఎలక్ట్రానులు వలయమంతట పరచుకొనుటచే అణువు ముందుగనే పొందిన నిలుకడ.

ఒంటి ఎలక్ట్రాను

బంధమును నడిమికి త్రుంచినచో ఇరువైపుల ఒక్కొక్క ఎలక్ట్రాను మిగులును. అట్టి ఒంటి ఎలక్ట్రాను గల శకలమును స్వేచ్ఛా ప్రాతిపదిక అందురు. జత లేని ఎలక్ట్రాను ఊరకుండదు. ఏదో ఒక బంధమును భంగపరచి జతను వెదకుకొనును. అయినను అన్ని ప్రాతిపదికలు సమానమైన తొందర కలవి కావు. మీథేన్ అణువునుండి ఒక ఉదజనిని ఊడబెరుకుటకు మోలునకు సుమారు 105 కిలోకేలరీలు కావలెను. ప్రక్కన కర్బనములు చేరినకొలది, అతిసంయుగ్మము వలన, ఈ మూల్యము 101, 98, 96 అని క్రమముగ తగ్గును. బెంజీన్ వలయమునకు అంటుకొనియున్న కర్బనమునుండి అయినచో సుమారు 90 చాలును. ఏలయనగా అచ్చట మిగిలిన ఒంటి ఎలక్ట్రాను వలయములోనికి పరచుకొని కుదుటపడగలదు. 1900లో అమెరికాలో మోజెస్ గోంబర్గ్ అను ఆచార్యుడు ఒక్క కర్బనమునకు మూడు వలయములు తగిలించి, సీసాలో నిలువగలిగిన ప్రాతిపదికను మొట్టమొదట చూపించెను.

ఇప్పుడు స్టైరీన్ వద్దకు వత్తము. ఎనిమిది కర్బనములు, ఎనిమిది ఉదజనులు. ఒక బెంజీన్ వలయము, దానికి తోకవలె రెండు కర్బనముల ద్విబంధము. ద్విబంధములో రెండు జతల ఎలక్ట్రానులు ఉండును: ఒక జత నడుమ నేరుగా, గట్టిగా ఉండును, రెండవ జత పైనను క్రిందను పరచుకొని కొంత వదులుగా ఉండును. ఎక్కడినుండియో ఒక ప్రాతిపదిక వచ్చి ఈ తోక చివర తగిలినదనుకొనుడు. వదులు జత విడిపోవును. ఒక ఎలక్ట్రాను వచ్చిన అతిథితో బంధము కట్టును. రెండవది వలయము ప్రక్కనున్న కర్బనముపై ఒంటిగా మిగిలి, వలయములోనికి పరచుకొనును. అది క్రొత్త ప్రాతిపదిక. అది మరియొక స్టైరీన్ తోకను తాకును. అది ఇంకొక దానిని. ఈ విధముగ వేలకొలది అణువులు గొలుసుకట్టును. దీనినే పాలిమరీకరణము అందురు.

మొదటి ప్రాతిపదిక ఎక్కడనుండి వచ్చినది? ఇదియే మన విద్యార్థి ప్రశ్నకు కీలకము. స్టైరీన్‌కు బయటివారి ప్రేరణ అక్కరలేదు. రెండు స్టైరీన్ అణువులు ఒక విధముగ జోడుకట్టి, ఆ జోడు మూడవ స్టైరీన్‌కు ఒక ఉదజనిని ఇచ్చివేయగా రెండు ప్రాతిపదికలు పుట్టునని ఫ్రాంక్ మేయో అను శాస్త్రజ్ఞుడు వివరించెను. ఉదజని పోయినచోట మిగులు ఒంటి ఎలక్ట్రానుకు వలయము ఆశ్రయమిచ్చుటచే ఇది సాధ్యమగుచున్నది. చల్లగానున్నప్పుడు ఈ కార్యము అరుదుగా జరుగును. వేడి పెరిగినకొలది తరచగును. చూడుడు, ప్రాతిపదికకు కలిగిన నిలుకడయే స్టైరీన్‌కు నిలుకడ లేకుండ చేయుచున్నది!

రెండు విధముల నిలుకడ

ఇచ్చట ఒక్క నిమిషము ఆగి, స్థిరత్వము అను మాటను పరిశీలింపవలెను. కొండ దిగువను మైదానమున పడియున్న గుండు నిలుకడగా ఉన్నది. కొండవాలున చిన్నరాయి అడ్డముండుటచే ఆగియున్న గుండుకూడ నిలుకడగా ఉన్నట్లే కనబడును. మొదటిదానికి ఇక పోవలసిన పల్లము లేదు. రెండవదానికి పల్లము ఉన్నది. అడ్డురాయి ఉన్నంతవరకే దాని నిలుకడ. తొట్టిలోని స్టైరీన్ ఈ రెండవ జాతిది.

పల్లము ఎంత? వదులు జతతో కట్టిన బంధము పోయి గట్టి బంధము ఏర్పడునప్పుడు ఆ తేడా ఉష్ణరూపమున బయటపడును. స్టైరీన్ విషయములో ఒక మోలునకు, అనగా 104 గ్రాములకు, సుమారు 17 కిలోకేలరీలు. గ్రాము ఒక్కింటికి సుమారు 160 కేలరీలు. ఈ ఉష్ణము బయటికి పోక ద్రవములోనే నిలిచి, ద్రవమంతయు గొలుసుకట్టినచో, లెక్కకు మూడువందల డిగ్రీలకు మించి వేడెక్కవలెను. స్టైరీన్ 145 డిగ్రీల సెంటిగ్రేడునకే మరుగును. నిప్పు ఎక్కడినుండి వచ్చినదని అడిగిన విద్యార్థికి ఇదియే సమాధానము: నిప్పు ద్రవములోని బంధములలోనే నిలవయున్నది.

ఇక సీసాకును తొట్టికిని భేదము. మన రైతులు తడిగడ్డిని వామి వేయరు. వేసినచో లోపల వేడి పుట్టి కొన్నిసార్లు వామి అంటుకొనుననియు వారు ఎరుగుదురు. అదే గడ్డి పలుచగా పరచినచో ఏమియు కాదు. చిన్న రాశిలో పుట్టిన వేడి ఉపరితలమునుండి పోవును. పెద్ద రాశిలో లోపలి వేడికి దారి లేదు. వేడి పోనిచో చర్య వేగము పెరుగును. వేగము పెరిగినచో ఇంకను వేడి పుట్టును. పది డిగ్రీలు పెరిగినచో వేగము సుమారు రెట్టింపగునని స్థూలమైన లెక్క. పైగా గొలుసులు పెరిగి ద్రవము పాకమువలె చిక్కబడుటచే కలియుట తగ్గి, వేడి పోవు దారి మరింత మూసికొనును. సీసా వేడి గాలిలో కలిసిపోయినది; వేలాది టన్నులకు ఏర్పరచిన తొట్టి వేడి తొట్టిలోనే మిగిలినది.

అడ్డురాయి

అట్లయిన స్టైరీన్‌ను ఓడలలో సముద్రములు దాటించుట ఎట్లు? విశాఖ రేవునకు అది ఓడలలోనే వచ్చెడిది. దానిని చల్లగా ఉంచుట ఒక ఉపాయము. నిరోధకమును కలుపుట రెండవ ఉపాయము. టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్, క్లుప్తముగా టి.బి.సి., అను పదార్థమును పది లక్షల పాళ్ళకు పది పదిహేను పాళ్ళ చొప్పున కలిపెదరు. టన్ను స్టైరీన్‌కు పది పదిహేను గ్రాములు మాత్రమే! ఇంత కొద్దిపాటిది ఏమి చేయగలదు?

టి.బి.సి. కూడ ఒక బెంజీన్ వలయమే. దానికి ప్రక్కప్రక్కన రెండు ఆమ్లజని-ఉదజని జంటలు ఉన్నవి. సాధారణమైన ఆల్కహాలులో ఆమ్లజనినుండి ఉదజనిని ఊడదీయుటకు సుమారు 105 కిలోకేలరీలు కావలెను. వలయమునకు తగిలియున్న ఆమ్లజనినుండి అయినచో 88 చాలును. మిగిలిన ఒంటి ఎలక్ట్రాను వలయములో పరచుకొనును గనుక. ప్రక్కనున్న రెండవ జంట తన ఉదజనితో ఆ ఆమ్లజనికి ఆసరా ఇచ్చును. టెర్షియరీ బ్యూటైల్ గుంపు ఎలక్ట్రానులను వలయమువైపు నెట్టి మరికొంత సాయపడును. పాఠములోని ప్రభావములన్నియు ఈ ఒక్క అణువులో కూడియున్నవి. కావున అది ఉదజనిని సులభముగా దానమిచ్చి, తాను ప్రాతిపదికయై, గొలుసును సాగింపక ఊరకుండును. స్టైరీన్ ప్రాతిపదికకు గొలుసు సాగించునంత చురుకు మిగిలియున్నది, టి.బి.సి. ప్రాతిపదికకు ఆ చురుకు లేదు.

మరియొక సంగతి. ఈ కాపలా సాగుటకు ద్రవములో కొంచెము ఆమ్లజని కరిగియుండవలెను. స్టైరీన్ ప్రాతిపదికను మొదట పట్టుకొనునది ఆమ్లజని. అట్లు ఏర్పడిన దానికి ఉదజనినిచ్చి శాంతింపజేయునది టి.బి.సి. ఆమ్లజని తరిగిపోయినచో టి.బి.సి. ఉండియు చాలదు. దానమిచ్చిన టి.బి.సి. మరల వెనుకటివలె కాదు గనుక అదియు దినదినము ఖర్చగుచుండును. వేడి హెచ్చినచో త్వరగా ఖర్చగును. అది ఆవిరిగా లేచునది కాదు. కావున తొట్టి పైకప్పునకు తగిలి చల్లబడిన స్టైరీన్ బొట్లలో కాపలా ఉండదు. కాబట్టి చల్లదనమును, టి.బి.సి. పాళ్ళను, ఆమ్లజనిని, పాలిమరు ఎంత పుట్టినదో దానిని ఎప్పటికప్పుడు కొలుచుచుండవలెను. కార్ఖానా మూతపడినను ఈ పనికి సెలవు లేదు.

సంఘము కనుగొన్నది

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నీరభ్ కుమార్ ప్రసాద్ గారి అధ్యక్షతను నియమించిన ఉన్నతాధికార సంఘము 2020 జులైలో నివేదిక సమర్పించెను. జాతీయ హరిత ట్రైబ్యునల్ వేరుగా ఒక సంఘమును నియమించి, 50 కోట్ల రూపాయలు ముందుగా జమచేయవలెనని సంస్థను ఆదేశించెను. నివేదికలోని ముఖ్యాంశములను మన పాఠముతో సరిపోల్చి చూచెదము.

తొట్టిలో ఉష్ణమును కొలుచు సాధనము అడుగుభాగముననే ఉండెను. వేడెక్కిన ద్రవము తేలికయై పైకి పోవునని స్నానమునకు నీళ్ళు కాచుకొను ప్రతి గృహిణికి తెలిసినదే. అడుగున చల్లగా ఉన్నట్లు చూపుచుండగా పైపొరలలో చర్య సాగిపోయినది. ద్రవమును కలియద్రిప్పు ఏర్పాటు సరిగా లేదు, శీతలీకరణము చాలలేదు. టి.బి.సి. తగినంత లేదు; కరిగిన ఆమ్లజనిమీద నిఘా లేదు. ఆవిరి వెలువడినప్పుడు జనులను హెచ్చరింపవలసిన సైరను మోగలేదు. కొండవాలున గుండుకు అడ్డమున్న రాళ్ళు ఒక్కొక్కటిగా తొలగిపోయినవన్నమాట. ఇది ఆకస్మికముగా దైవికముగా వచ్చినది కాదు. లెక్కకు అందునది, ముందు తెలియదగినది, ఆపదగినది.

ఆపుట సాధ్యమని ఆ దినముననే తెలిసినది. గుజరాతునుండి విమానములో 500 కిలోల టి.బి.సి.ని తెప్పించి వాడిరి. వేడి క్రమముగా దిగినది. తరువాత కార్ఖానాలోను రేవులోను నిలవయున్న సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఆ మే నెలలోనే ఓడలలో దక్షిణ కొరియాకు మరలించిరి. ముందు ఉండవలసిన నిరోధకము ప్రాణములు పోయిన తరువాత వచ్చినది.

మన ఇంటిలో ఇదే సూత్రము

ఈ సూత్రము కార్ఖానాలలోనే కాదు, మన వంటింటిలోను పనిచేయుచున్నది. నూనెలు మక్కిపోవుటయు ప్రాతిపదికల గొలుసే. నూనె అణువులో రెండు ద్విబంధముల నడుమనున్న ఉదజని మిక్కిలి సులభముగా ఊడును. అచ్చట గాలిలోని ఆమ్లజని చేరి చర్య సాగించును. అవిసెనూనె పూసిన తలుపుమీద పొర గట్టిపడుట ఈ గుణము వలననే. అయితే మన తల్లులు ఆవకాయకు నువ్వులనూనెనే కోరుదురు. నువ్వులనూనె నిలవకు ఓర్చును. అందు సెసమాల్ మొదలగు పదార్థములు సహజముగా ఉన్నవి. సెసమాల్‌లోను బెంజీన్ వలయమునకు ఆమ్లజని-ఉదజని జంట తగిలియున్నది. తొట్టిలో టి.బి.సి. చేయు పనిని జాడీలో అది చేయుచున్నది.

మీ పాత రేడియో పెట్టెను ఒకసారి చూడుడు. దాని మీటలు, ముందరి పలక పాలీస్టైరీన్‌తో చేసినవి కావచ్చును. లోపల శ్రుతికి సంబంధించిన కెపాసిటర్లలోను పలుచని పాలీస్టైరీన్ పొరను వాడుచుండిరి. గొలుసుకట్టిన తరువాత ఆ పదార్థము మైదానమున పడిన గుండువంటిది; తనంతట తాను వేడెక్కదు. అయినను కిటికీ ప్రక్కన ఎండ తగులుచోట నుంచినచో ఏండ్లు గడచుసరికి పసుపుపచ్చబడి పెళుసగును. కారణము మరల వలయము ప్రక్కనున్న కర్బనమే. అచ్చటి ఉదజని సులభముగా ఊడును. ఎండయు గాలియు ఆ దారినే ప్రవేశించును.

తెలిసికొనదగిన జాగ్రత్త

స్టైరీన్ ఆవిరి గాలికన్న సుమారు మూడున్నర రెట్లు బరువు. అది పైకి పోక పల్లములు, వీధులు, క్రింది గదులు వెంబడి ప్రాకును. కండ్లు మండును, గొంతు గరగరలాడును, తల తిరుగును. హెచ్చుగా పీల్చినచో స్పృహ తప్పును. ఇట్టి బరువైన ఆవిరి వచ్చునప్పుడు గాలి వీచు దిక్కుననే పరుగెత్తుట పొరపాటు. ఆవిరియు అటే వచ్చును. గాలికి అడ్డముగా ప్రక్కకు తొలగి, ఎత్తైన చోటికి పోవలెను. పోలేనివారు పై అంతస్తునకు ఎక్కి తలుపులు కిటికీలు మూసికొని, అధికారుల ప్రకటన వినవలెను. కరెంటు పోయినను బ్యాటరీతో పనిచేయు రేడియో అట్టి సమయమున పనికివచ్చునని వేరుగా చెప్పనక్కరలేదు. దీపము వెలిగించుట, అగ్గిపుల్ల గీయుట కూడదు. ఆ ఆవిరి మండునది.

విశాఖపట్టణము రేవుకును, నూనెశుద్ధి కర్మాగారమునకును, ఉక్కునకును, ఎరువులకును నెలవు. తొట్లు లేని పారిశ్రామిక నగరము ఉండదు. తన వాడకు సమీపమున ఏ పదార్థము ఎంత నిలవయున్నదో, దానిని నిలిపియుంచున దేమో, ఆ నిలుపుదలను ఎవరు దినదినము కొలుచుచున్నారో అడుగు హక్కు అచ్చటి పౌరునకు ఉన్నది. అడుగుటకు కొంత శాస్త్రజ్ఞానము కావలెను. ఆ జ్ఞానము పదవ తరగతి దాటిన బాలునికి అందనిది కాదు.

కంచరపాలెపు విద్యార్థికి మా సమాధానమిది: నీవు కంఠస్థము చేసిన పాఠము వట్టి పరీక్ష పాఠము కాదు. ఒంటి ఎలక్ట్రాను వలయములో పరచుకొనుటచే స్టైరీన్ తనంతట తాను మేల్కొనును. అదే కారణముచే టి.బి.సి. దానిని నిద్రపుచ్చును. మొదటిది ప్రకృతి చేయు పని. రెండవది మనుష్యులు మరువక చేయవలసిన పని. నీవు చదువు ముగించి ఏదో ఒక కార్ఖానాలో ఉద్యోగమున ప్రవేశించెదవు. నీచేతికి తొట్టి కొలతల పుస్తకము ఇచ్చిననాడు, అడుగున చల్లగా ఉన్నదని వ్రాసి సంతకము చేయకముందు, పైపొర ఎంత వేడిగా ఉన్నదో అడిగి తెలిసికొనుము.